తొమ్మిదో ప్రశ్న

దరఖాస్తు నవంబరులో వచ్చింది.
కవరు నిండా ఉప్పుచేప వాసన.
న్యూఫౌండ్లాండ్ దక్షిణపు ఒడ్డున
రోడ్డు కూడా విసుగొచ్చి ఆగిపోయే చోట
లాంప్రీ కోవ్ అని ఒక ఊరు. అరవై మూడు గడపలు,
అందులో పొగ లేచేవి ఇరవై రెండు.

అడిగింది ఎనిమిది వందల నలభై డాలర్లు:
అకార్డియన్ తిత్తికి కొత్త తోలు,
స్నోమొబైల్‌కి పెట్రోలు,
లేసు అంచు దిండుగలీబులు ఏడు.

ఒకటో ప్రశ్న: వ్యక్తా, బృందమా?
"అది ఆ రాత్రి మంచుని బట్టి."
రెండు: బృందమైతే ఎందరు?
"బయల్దేరేటప్పుడు ఏడుగురం. తర్వాత మా చేతిలో లేదు."
నాలుగు: శిక్షణ ఎక్కడ పొందారు?
"వంటింట్లో."
ఏడు: గత మూడేళ్ళలో అందిన పారితోషికం?
"ఎండుద్రాక్ష కేకు. రమ్ము. ఒకసారి చీపురు దెబ్బ."
తొమ్మిది: మిమ్మల్ని కళాకారులుగా
తోటి కళాకారులు గుర్తించారా?
అక్కడ ఖాళీ.

ఖాళీ ఉంటే నేను ఫోను చెయ్యాలి.
చాలాసేపు మోగాక ఎత్తిందొకావిడ, డ్రుసిల్లా పార్డీ.
ముందు దగ్గింది. రెండు పొడి దగ్గులు, వెనకే ఒక ఈల.

"క్రిస్మస్ పన్నెండు రాత్రులూ
మొహాన దిండుగలీబు తగిలించుకుని
ఎడమ బూటు కుడికాలికి తొడిగి
మగాళ్ళు గౌన్లలో, మేం మామగార్ల వానకోటుల్లో
తలుపు తట్టి లోపలికి పోతాం, తల్లీ.
ఇంటివాళ్ళు పోల్చుకోవాలి.
పోల్చుకున్నారా, ముసుగు తియ్యాలి. ఆట సరి.
గుర్తించారా అనడుగుతారేంటి?
గుర్తు దొరక్కుండా తిరగడమే కదా మా పనితనం!"

నా కాగితంలో గడులు రెండే.
అవును. కాదు.

సెయింట్ జాన్స్‌లో కమిటీ కూర్చుంది.
"పండగ అల్లరికి గ్రాంటా?
రేపు పేకాటవాళ్ళొస్తారు," అన్నాడు శిల్పి నోస్‌వర్దీ.
తెగలేదు. వెళ్ళి చూసి రమ్మన్నారు.

జనవరి మూడు, లియాండర్ గిల్లం వంటిల్లు.
తలుపు మీద మూడు దెబ్బలు.
ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడితే
గొంతు ఎవరిదో అంతు దొరకదట.
అలాంటి గొంతొకటి అడిగింది, రావచ్చా అని.

వచ్చారు. గంతులకి కెటిల్ మూత ఎగిరిపడింది.
లియాండర్‌కి అందరూ తెలుసు,
మీసం చాటున నవ్వుతూనే ఉన్నాడు,
కానీ అతిథిదే మొదటి వంతు అన్నాడు.

పదకొండేళ్ళుగా గుర్తించడమే నా కొలువు.
రెండు సిఫార్సులు, మూడు పత్రికల కత్తిరింపులు,
చివర ఒక సంతకం ఉంటే
ఎవరినైనా ఇట్టే గుర్తిస్తాను.
ఇప్పుడు ఏడు దిండ్లు నా వైపు తిరిగి నిలబడ్డాయి.
లేసు కింద ఊపిరి తడిమరకై పెరుగుతోంది.
ఒక పేరన్నాను. తప్పు. ఇంకోటన్నాను.
ఆ పేరు గలాయన పోయి ఆరేళ్ళయిందట.
పొయ్యి పక్కన ఉక్కలో, చెమటలు కారుతున్నా,
ఒక్కరూ ముసుగు అంచు కూడా ఎత్తలేదు.

అప్పుడు వినిపించింది.
రెండు పొడి దగ్గులు, ఒక ఈల.
"తొమ్మిదో ప్రశ్న!" అని అరిచాను.

గలీబు లేచింది. ఎర్రగా కందిన మొహం,
నుదుటికి అంటుకున్న నెరిసిన జుట్టు.
"దొరికిపోయా," అంటూ కుర్చీలో కూలబడి
గ్లాసు అందుకుంది డ్రుసిల్లా.
మిగిలిన ఆరుగురూ
ఆమె కోసం ఆగకుండా
పక్కింటి దీపం వైపు మంచులోకి వెళ్ళిపోయారు.

నివేదికలో ఇలా రాశాను:
డ్రుసిల్లా పార్డీ, గుర్తింపబడినది, కనుక అర్హురాలు.
గుర్తింపబడినది కనుక ఆ రాత్రికి
ఆట నుంచి బయటికి వచ్చినది.
బృందం: ఆరుగురు. పేర్లు తెలియవు.
వారి పని నేను చూసినంతలో లోపం లేనిది.

రూళ్ళకర్ర లేకుండా, కాస్త వంకరగా
మూడో గడి ఒకటి గీశాను.
అదేమిటని కమిటీ ఇంతవరకూ అడగలేదు.
మార్చి వచ్చింది.
తోలు ధర పెరిగిందని కబురు పంపింది డ్రుసిల్లా.